ఇంజను టక్ టక్‌మంటే?

గోదావరికి ఒక ఒడ్డున పాత కరీంనగర్ జిల్లా. ఇంకో ఒడ్డున పాత ఆదిలాబాద్ జిల్లా. ఈ రెండూ 2016లో చిన్న జిల్లాలుగా విడిపోయాయి. ఈ ఒడ్డున ధర్మపురి, మంథని. ఆ ఒడ్డున లక్షెట్టిపేట, చెన్నూరు. వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018లో మొదలైంది. అయినా తీగ రాని చేలు ఉన్నాయి. అక్కడ వాగు పక్కన, ఒర్రె పక్కన ఆయిల్ ఇంజనే దిక్కు. అది నడిచేది డీజిలుతో. అందరూ పిలిచేది మాత్రం ఆయిల్ ఇంజను అనే.

మక్క గింజ పాలు పోసుకునే రోజుల్లో ఇంజను ఆగిందనుకోండి. సామాను తేవాలి. మేస్త్రీ దొరకాలి. నాలుగు రోజులు పోతాయి. చేను అన్ని రోజులు ఆగదు. అందుకే ఇంజను లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

ఇంజను మన లాగే గాలి పీలుస్తుంది, పొగ వదులుతుంది. దానికి రెండు తలుపులు ఉంటాయి. వాటినే వాల్వులు అంటారు. వాల్వు తలకిందులుగా పెట్టిన పుట్టగొడుగులా ఉంటుంది. కింద క్యామ్ షాఫ్ట్ అనే ఇరుసు తిరుగుతుంది. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులు ఉంటాయి. ఉబ్బు పైకి రాగానే దాని మీదున్న టాపెట్‌ను లేపుతుంది. టాపెట్ పుష్ రాడ్ అనే కడ్డీని లేపుతుంది. కడ్డీ రాకర్‌ను లేపుతుంది. రాకర్ అంటే ఏతం లాంటిదే. ఒక కొస లేస్తే ఇంకో కొస దిగుతుంది. ఆ దిగిన కొస వాల్వును కిందికి నొక్కి తెరుస్తుంది. స్ప్రింగు దాన్ని మళ్లీ మూస్తుంది.

నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజనులో క్యామ్ షాఫ్ట్ 750 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్కో వాల్వు గంటకు 45,000 సార్లు తెరుచుకుంటుంది. 8 గంటలు నడిస్తే 3,60,000 సార్లు! ఇనుము మీద ఇనుము అన్నిసార్లు రాసుకుంటుంది. వాటి మధ్య ఉండేది పలుచని ఆయిలు పొర ఒక్కటే. ఆయిలు తగ్గినా, మట్టి పడినా, డీజిలు కలిసి నీళ్లలా పలుచబడినా ఆ పొర తెగుతుంది. గుడ్డు అరుగుతుంది. కాబట్టి రోజూ ఇంజను పెట్టే ముందు ఆయిలు పుల్ల తీసి చూడాలి.

వాల్వుకూ రాకర్‌కూ నడుమ కొద్ది సందు ఉండాలి. ఎందుకు? బండి చక్రానికి పట్టా వేసేటప్పుడు కమ్మరి దాన్ని ఎర్రగా కాలుస్తాడు. వేడికి ఇనుము సాగుతుంది. వాల్వు కూడా అంతే. సందు లేకపోతే సాగిన వాల్వు పూర్తిగా మూసుకోదు. మంట ఆ సందులోంచి దూరి వాల్వు అంచును కాల్చేస్తుంది. హ్యాండిల్ తిప్పితే చేతికి పట్టు తగలదు. ఇంజను లేవదు. సందు ఎక్కువైతే టక్ టక్ సప్పుడు వస్తుంది. అది సుత్తి దెబ్బే.

సందు ఎంతో ఇంజనుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. చాలా చిన్న ఇంజన్లకు అది సుమారు పోస్టుకార్డు మందం. అట్లని పోస్టుకార్డు పెట్టి కొలవొద్దు. ఫీలర్ గేజీ అనే ఉక్కు రేకుల కట్ట దొరుకుతుంది. ఇంజను చల్లారాక, డీజిలు కట్టేసి, రెండు వాల్వులూ మూసుకుని పిస్టన్ పైకొచ్చే దాకా చక్రం చేత్తో తిప్పాలి. అప్పుడు కొలవాలి. రేకు కొంచెం పట్టినట్టు జారితే సరిపోయినట్టే. నట్టు బిగించాక మళ్లీ చూడాలి. బిగింపులో సందు మారుతుంది.

సందు సరిచేసిన కొద్ది రోజులకే మళ్లీ పెరిగిందా? నట్టు వదులైందేమో ముందు చూడండి. అది గట్టిగానే ఉంటే లోపల గుడ్డు అరుగుతున్నట్టు అనుమానించాలి. పాత ఆయిలు దించి వేళ్లతో రాసి చూడండి. ఇనుప పొడి మెరుస్తుందా?

“ఇంకింత స్పీడు పెంచు, నీళ్లు మస్తుగ వస్తయి” అంటారు పక్కచేను వాళ్లు. నీళ్లు పెరిగే మాట నిజమే. కానీ వేగం పదో వంతు పెంచితే పంపు భారం సుమారు మూడో వంతు పెరుగుతుంది. వేగం మరీ ఎక్కువైతే స్ప్రింగు వాల్వును టైముకు మూయలేదు. పైకొచ్చే పిస్టన్ దాన్ని గుద్దుతుంది. పుష్ రాడ్ వంగుతుంది. ఒక్కోసారి వాల్వు విరిగి లోపల పడుతుంది. వేగాన్ని అదుపు చేసే గవర్నరును కదిలించకపోవడమే మంచిది.

క్యామ్ షాఫ్ట్ మార్చాల్సి వస్తే టాపెట్లు కూడా కొత్తవే వేయించండి. పాత టాపెట్ పాత గుడ్డుకు తగ్గట్టు అరిగి ఉంటుంది. కొత్త గుడ్డును అది కొన్ని గంటల్లోనే కోసేస్తుంది. డబ్బు మిగులుతుందని చాలామంది చేసే పని ఇదే. బిగించేటప్పుడు గుడ్డుకూ టాపెట్ అడుగుకూ ఆయిలు బాగా రాయాలి. పాత ఆయిలు పారబోసి కొత్తది పోయాలి. మొదటిరోజు పూర్తి భారం వేయొద్దు. కొంతసేపు నడిపి, చల్లారనిచ్చి, సందు మరోసారి కొలిచాకే ఇంజనును ఒర్రె దగ్గరికి తీసుకుపోవాలి.