పియానోలో జుయ్‌మన్నదెవరు?

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక హాలులో పాత పియానో ఉండేది. కొన్నేళ్ళ క్రిందట దానికొక జబ్బు చేసింది. మధ్యలోని ఒక మెట్టు నొక్కితే చాలు, స్వరంతోపాటు సీసాలో చిక్కిన కందిరీగలా 'జుయ్' మని రొద! తీగ పాడయిందన్నారు కొందరు. తీగలన్నీ మార్పించాలన్నారు మరికొందరు. అంత డబ్బు లేక పియానోనే అమ్మేద్దామనుకున్నారు. చివరికి సైన్సు మేష్టారిని కదా అని నన్ను పిలిచారు. నాకేమో పియానో వాయించడమే రాదు!

ఒక అబ్బాయిని ఆ మెట్టునే మళ్ళీ మళ్ళీ నొక్కమన్నాను. నేను మూతనూ, దాని బందులనూ, పుస్తకం నిలబెట్టే పలకనూ ఒక్కొక్కటిగా అరచేత్తో అదిమి చూశాను. రొద చేసే వస్తువును అదిమితే రొద ఆగాలి కదా! ఆగలేదు. టార్చిలైటు వేసి చూస్తే లోపల ఒక పది పైసల బిళ్ళ, రెండు గుండుసూదులు దొరికాయి. తీసేశాం. అయినా 'జుయ్' పోలేదు.

అప్పుడు పియానో మూసేసి, హార్మోనియం తెప్పించి దానిమీద అదే స్వరం వాయించాం. మళ్ళీ 'జుయ్'! మెట్టు నొక్కనప్పుడు పియానో తీగలను మెత్తని ఉన్ని దిమ్మలు అదిమిపట్టి ఉంచుతాయి. కనుక తప్పు తీగది కాదని తేలిపోయింది. ఇక గదిలోని వస్తువులను తాకుతూ వెళ్ళాను. పియానో వెనుక కిటికీ అద్దంమీద వేలు పెట్టగానే రొద ఠక్కున ఆగింది! అద్దం చుట్టూ ఉన్న పుట్టీ ఎండి, పగిలి, రాలిపోయింది.

ప్రతి వస్తువుకూ తనదైన పౌనఃపున్యం ఉంటుంది. ఉయ్యాలను దాని ఊపుకు సరిగ్గా కలిసేలా నెడితే చిన్న తోపుకే పెద్దగా ఊగుతుంది. ఇదే అనునాదం. సెకనుకు 220 సార్లు కంపించే తీగలో 440, 660 కంపనాలు కూడా కలిసే ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటి సరిపోయినా అద్దం కదలడం మొదలుపెడుతుంది. వదులైన అంచు చట్రానికి తగిలి టకటకలాడుతుంది. ఆ టకటకలు వేగంగా వస్తే మనకు 'జుయ్' మని వినిపిస్తాయి. స్వరమూ రొదా ఒకేసారి పుట్టడంవల్ల చెవి మోసపోయి, నేరం పియానోమీద వేసింది.

కొత్త పుట్టీ పెట్టించాం. పియానో అక్కడే ఉండిపోయింది.

ఒక్క హెచ్చరిక: మీరు మాత్రం పియానో తీగల బిగింపు జోలికి పోకండి. ఒక్కొక్క తీగా సుమారు 70 కిలోల బరువు వేలాడదీసినంత బిగువుతో ఉంటుంది.

విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్, పియానో సుత్తి తీగను కొట్టే తీరుపై 1920లో బెనర్జీతో కలిసి పరిశోధనా వ్యాసం ప్రచురించారు. 1921లో మన వీణ, తంబురాల గురించి రాశారు. వింతేమిటంటే, పియానోలో మనం తరిమికొట్టే రొదనే తంబురాలో కోరి తెచ్చుకుంటాం! తంబురా గుర్రంమీద తీగ క్రింద చిన్న నూలుపోగు పెడతారు. తీగ గుర్రాన్ని ఒరుసుకుంటూ కంపించి, ఎన్నో పై స్వరాలను పుట్టిస్తుంది. మీ ఊళ్ళో తంబురా ఉంటే, దాని యజమానిని అడిగి ఆ పోగు ఉన్నప్పుడూ, తీసేసిన తరువాతా తీగను మీటించి వినండి.