పాతిక మెట్ల వాద్యం: కొనుగోలుకు గమకమే గీటురాయి

ఒకప్పుడు పాట రికార్డు చేయాలంటే చెన్నైలోనో, ముంబయిలోనో పెద్ద థియేటర్, పదుల సంఖ్యలో వాద్యకారులు కావలసి వచ్చేది. 1992లో 'రోజా'తో దేశం దృష్టిని ఆకర్షించిన ఎ.ఆర్.రెహమాన్ ఇంటి ఆవరణలోని స్టూడియో ఆ పరిస్థితి మారుతున్నదని చాటింది. నేడు ఒక గది, ఒక కంప్యూటర్, బల్లపై ఇమిడే చిన్న మిడి కంట్రోలర్‌తో పాట రూపుదిద్దుకుంటోంది. అయితే పరిమిత పొదుపుతో ఈ రంగంలోకి దిగుతున్న యువకులు పరికరం ఎంపికలో తొందరపడితే నష్టపోక తప్పదు.

ఈ కీబోర్డుకు సొంత గొంతు లేదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు అన్న సమాచారాన్ని మాత్రమే కంప్యూటర్‌కు చేరవేస్తుంది. ధ్వని సాఫ్ట్‌వేర్‌లో పుడుతుంది. వివిధ కంపెనీల పరికరాలను కలిపే ఈ ప్రమాణం 1983లో అమలులోకి వచ్చింది. ఇందుకు కృషి చేసిన డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషిలకు 2013లో టెక్నికల్ గ్రామీ పురస్కారం లభించింది.

అకాయ్ ఎంపీకే మినీ, నోవేషన్ లాంచ్‌కీ మినీ, ఆర్టూరియా మినీల్యాబ్ ఈ తరగతిలో పేరున్నవి. వీటి 25 మెట్ల నమూనాలలో రెండు స్థాయిలు ఇముడుతాయి. తాళవాద్యాల కోసం లాంచ్‌కీ మినీలో 16 ప్యాడ్లు, మిగిలిన రెండింటిలో ఎనిమిదేసి ఉన్నాయి. మెట్లు ఇరుకు గనుక రెండు చేతులా వాయించేవారికి 49 మెట్ల కీబోర్డే అనుకూలం.

మన సంగీతానికి అసలు పరీక్ష గమకం. స్వరాల మధ్య జారుడు పలకదన్న కారణంగానే ఆకాశవాణి 1940 నుంచి 1971 వరకు హార్మోనియంను నిషేధించింది. కంట్రోలర్‌లో ఆ పని చేసేది స్వరాన్ని వంచే సాధనం. ఇది ఎంపీకే మినీ మూడవ నమూనాలో జాయ్‌స్టిక్‌గా, లాంచ్‌కీ మినీ, మినీల్యాబ్‌లలో స్పర్శపట్టీగా ఉంది. కోర్గ్ నానోకీ2లో కేవలం మీటలే ఉన్నాయి. సాధారణంగా స్వరం ఇరువైపులా రెండేసి స్వరస్థానాల మేరకు వంగుతుంది. ఆ పరిధిని సాఫ్ట్‌వేర్‌లో పెంచుకోవచ్చు. అందువల్ల దుకాణంలోనే ఒక రాగాన్ని వాయించి చూడడం ఉత్తమం.

మెట్టు నొక్కిన తరువాత ధ్వని ఆలస్యమైతే లోపం సాధారణంగా కంప్యూటర్‌లోని ఆడియో ఏర్పాటుదే. ఖరీదైన కీబోర్డు కొన్నంత మాత్రాన అది తీరదు. ఇవి చాలావరకు దిగుమతి సరుకులే కావడంతో రూపాయి విలువ తగ్గితే ధర పెరుగుతుంది. పాతది కొనేవారు దానితో వచ్చిన సాఫ్ట్‌వేర్ లైసెన్సు తమ పేరుకు మారుతుందో లేదో ముందే విచారించుకోవాలి. కీబోర్డుపై మిగిల్చిన సొమ్మును మంచి హెడ్‌ఫోన్లకు వెచ్చించడమే వివేకం. పాటలోని తప్పొప్పులను తేల్చవలసింది చివరకు చెవులే.