రేకులోంచి లేచిన ఉక్కువీరుడు

అరచేయంత స్టీలు రేకు. చుట్టూ చట్రం, లోపల సన్నటి పోగుల్ని పట్టుకుని వేలాడుతున్న ఎర్రటి, బంగారు రంగు ముక్కలు. ఏది భుజమో ఏది మోకాలో పోల్చుకోవడానికే పది నిమిషాలు పట్టింది మా అక్క కొడుక్కి. వాడి పద్నాలుగో పుట్టినరోజుకి నేనే కొనిచ్చిన ఐరన్ మ్యాన్ రేకుబొమ్మ కిట్ అది. ‘గంటలో అయిపోతుంది మావయ్యా’ అంటూ ఆదివారం పొద్దున మొదలుపెట్టాడు. రాత్రి అన్నాలవేళకి ఒక చెయ్యి, సగం ఛాతీ అయ్యాయి. సోమవారానికి ఆ పిచ్చి నాకూ అంటుకుంది.

ఈ కిట్లలో ఎక్కువమందికి తెలిసిన పేరు మెటల్ ఎర్త్. తయారుచేసేది అమెరికాలోని సియాటిల్ ప్రాంతానికి చెందిన ఫాసినేషన్స్ కంపెనీ. జిగురు లేదు, టంకం లేదు. ప్రతి ముక్క అంచునా బియ్యపు గింజలో సగం కూడా లేని నాలుకలుంటాయి. వాటిని ఎదుటి ముక్కలోని సన్నటి గాట్లలో దూర్చి, అవతల వైపు నుంచి మెలిపెట్టడమో మడిచి అణచడమో చెయ్యాలి. ఏ నాలుకని మెలిపెట్టాలో, దేన్ని మడవాలో సూచనల కాగితంలో వేరువేరు గుర్తులుంటాయి. ఒక కటింగ్ ప్లయరు, ఒక నోస్ ప్లయరు, తలదగ్గర మంచి దీపం ఉంటే చాలు.

ఇంత పలచటి రేకు మీద అంత నాజూకు గీతలు ఎలా పడతాయి? ఇలాంటి పనికి వాడే పద్ధతి ఫొటో ఎచింగ్. రేకుకి కాంతి సోకితే గట్టిపడే పూత పూసి, బొమ్మ గీసిన ఫిల్మ్ పరిచి అతినీలలోహిత కాంతి వేస్తారు. గట్టిపడని పూతని కడిగేశాక, బయటపడ్డ లోహాన్ని ఫెర్రిక్ క్లోరైడ్ లాంటి ద్రావణం తినేస్తుంది. రెండు వైపులా తింటే ముక్క తెగుతుంది. ఒకవైపే తింటే సగం లోతు గీత పడుతుంది. ఆ సగం గీతే మడత. చేత్తో నొక్కితే కొలిచినట్టు అక్కడే వంగుతుంది. ఆ మొదటి మడత వంగినప్పుడు వేలికి తెలిసే మెత్తదనం ఎంత బావుంటుందో చెప్పలేను.

ఎడమ భుజం దగ్గర దెబ్బతిన్నాం. ముక్కని తిరగేసి బిగించామని మూడు నాలుకలు మెలిపెట్టాకగానీ తెలియలేదు. ఊడదీయడానికి నాలుకని మళ్లీ నిటారు చేయబోతే టిక్కుమని విరిగింది. ఉక్కు ఒకసారి వంగితే ఆ వంపు దగ్గర గట్టిపడి పెళుసెక్కుతుంది. వెనక్కి తిప్పడమంటే దాని ఆయుష్షు తీసేయడమే. జిగురు అక్కర్లేదన్న బొమ్మకి చివరికి ఒక చుక్క పెట్టక తప్పలేదు. ఆ తర్వాత ప్రతి ముక్కనీ నాలుగు వైపులా తిప్పి చూసుకోకుండా మావాడు నోస్ ప్లయరు ముట్టలేదు.

సూపర్‌హీరోలు ఇంతమంది ఉండగా రేకుకి ఐరన్ మ్యాన్ ఇంతగా అతకడానికి కారణముంది. రేకుని చుట్టొచ్చు, మడవొచ్చు. బంతిలా ఉబ్బించడం మాత్రం వేళ్లవల్ల కాదు. రబ్బరు బంతికి కాగితం ముడతపడకుండా అంటించి చూడండి, తెలుస్తుంది. లోహాన్ని ఉబ్బెత్తుగా తేవాలంటే సుత్తితో కొట్టి సాగదీయాలి. పెంబర్తి పనివాళ్లు ఇత్తడి రేకు మీద దేవతామూర్తుల్ని తీసేది అలాగే. సూపర్‌మ్యాన్ బుగ్గలు, కండలు అన్ని దిక్కులా వంపు తిరిగి ఉంటాయి. ఐరన్ మ్యాన్ ఒంటి మీద ఉన్నవే పలకలూ అతుకులూ. రేకు తన స్వభావం మార్చుకోకుండానే అతనైపోతుంది. బ్యాట్‌మ్యాన్ కంటే అతని కారు బ్యాట్‌మొబైల్ రేకులో బాగా కుదరడానికి కారణమూ ఇదే.

అసలు ఐరన్ మ్యాన్ పుట్టుకే చేతిపని. 1963లో ‘టేల్స్ ఆఫ్ సస్పెన్స్’ కామిక్ 39వ సంచికలో స్టాన్ లీ, లారీ లీబర్, డాన్ హెక్, జాక్ కర్బీలు అతన్ని పాఠకుల ముందుకు తెచ్చారు. వియత్నాంలో శత్రువులకు చిక్కిన టోనీ స్టార్క్, అంటే మన ఐరన్ మ్యాన్, యిన్సెన్ అనే మరో బందీ సాయంతో తన ప్రాణం నిలిపే కవచాన్ని తానే తయారుచేసుకుంటాడు. ఆ మొదటి కవచం బూడిదరంగు. తర్వాతి సంచికలో బంగారు రంగు. ఎరుపూ బంగారమూ కలిసిన సన్నటి రూపం అదే ఏడాది చివర్లో స్టీవ్ డిట్కో గీసింది. 2008 సినిమాలో కథని అఫ్గానిస్తాన్ గుహకి మార్చారు. ఆ గుహలో టోనీగా రాబర్ట్ డౌనీ జూనియర్ క్షిపణి భాగాలు ఊడదీసి, ఇనుము కాల్చి, సమ్మెటతో కొట్టే దృశ్యాలు నాకు తర్వాతి పోరాటాలన్నిటికంటే ఇష్టం. అతనికి శక్తి ఎవరో ప్రసాదించింది కాదు. కూర్చుని చేసుకున్నది.

లోహంతో హీరోని చెయ్యాలన్న ఆశ జపాన్‌లో ఇంకోదారి పట్టింది. గో నగాయ్ సృష్టించిన మజింగర్ జెడ్ అనే రోబో ఒళ్లు ‘చొగోకిన్’ అనే కల్పిత మిశ్రమలోహం. 1974లో పోపీ కంపెనీ ఆ రోబోని జింక్ మిశ్రమంతో పోతపోసి, చొగోకిన్ పేరుతోనే అమ్మింది. ఆ బొమ్మ చేతికి బరువు తగలడమే పిల్లలకి పండగ. వాళ్లలో పెద్దయినవాళ్ల కోసం 1997లో బందాయ్ ‘సోల్ ఆఫ్ చొగోకిన్’ వరస మొదలుపెట్టింది. అదొక మోజు. కానీ పోతబొమ్మ డబ్బా విప్పగానే నిలబడుతుంది. రేకుబొమ్మని మనం నిలబెట్టాలి. నా మనసు రేకువైపే.

మా ఇంట్లో ఈ వీరులు తెలుగే మాట్లాడతారు. ‘ఇన్ఫినిటీ వార్’ సినిమాలో విలన్ థానోస్‌కి రానా గొంతు విన్న దగ్గర్నుంచి మావాడికి ఇంగ్లిష్ థానోస్ నచ్చడు. ఛాతీ బిగిస్తూ ఆ డైలాగులు తనే చెప్పుకుంటాడు.

బుధవారం రాత్రి ముఖం ముక్క మిగిలింది. నుదుటి దగ్గర మడతలో రంగు వెంట్రుకవాసి లేచి తెల్లటి ఉక్కు కనిపించింది. మార్కర్‌తో దిద్దుతానంటే వద్దన్నాడు. చివరి నాలుక మెలిపెట్టి, బొమ్మని బీరువా అద్దం ముందు నిలబెట్టాడు. ఖాళీ చట్రాన్ని నేను చెత్తబుట్టలో వెయ్యబోతే లాక్కున్నాడు. టేబుల్ లైటుకి అడ్డంగా పట్టుకుంటే గోడ మీద భుజాలు, మోకాళ్లు, చేతులు వెలుగు ముక్కలై విడివిడిగా తేలాయి. ‘ఇదిగో ఇక్కడ విరిగింది మావయ్యా’ అని ఎడమ భుజం ఆకారం మీద వేలు పెట్టి చూపించాడు.