మీకు తెలుసా? గోల్ కొట్టిన డిఫెండర్

1962 జకార్తా ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో భారత్ తరఫున రెండో గోల్ కొట్టింది ఒక డిఫెండర్!

తలకు గాయమై కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను వెనక వరుస నుంచి తప్పించి, సెంటర్ ఫార్వర్డ్‌గా దించారు హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఎంత తెగువ కావాలి! జర్నైల్ సెమీఫైనల్లో ఒకటి, ఫైనల్లో మరొకటి కొట్టారు. దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం మనదైంది.

రహీం సాబ్ బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 2024లో అజయ్ దేవగణ్ నటించిన హిందీ సినిమా ‘మైదాన్’ ఆయన కథే.

క్యాన్సర్‌తో ఆయన 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ స్వర్ణం రాలేదు.