విందులో పానీయముల వ్యయము

వివాహపు విందులో విస్తళ్ల లెక్కను పదిమార్లు సరిచూచుకొను మనము పానీయముల లెక్కను గుత్తదారునకే విడిచిపెట్టుచున్నాము. అప్పు చేసి పెండ్లి చేయువారి సంచికి చిల్లుపడునది తఱచుగా నిచ్చటనే.

సొమ్ము చెల్లించు విధములు రెండు. మొదటిది తలసరి ధర. 400 మందికని మాట యిచ్చినచో 300 మందియే వచ్చినను 400 మందికిని చెల్లింపవలసివచ్చును. పిల్లలకు వేఱు ధర ముందుగా మాటాడుకొననిచో చంటిబిడ్డయు నొక తలయే. రెండవది వాడుకను బట్టి చెల్లించుట. ఇందు మూత తీసిన సీసా సగము మిగిలినను నిండు సీసా వెలయే.

వచ్చువారి సంఖ్య నిశ్చయమైనచో, అందును వేసవి ముహూర్తమైనచో, తలసరి ధర మేలని మా యభిప్రాయము. ఎందఱు వత్తురో తెలియని రిసెప్షనునకు వాడుక లెక్కయే మేలు. రెండు లీటర్ల సీసా 200 మిల్లీలీటర్ల గ్లాసులు పదింటిని నింపును. 400 మందికి తలకు రెండేసి గ్లాసులన్న 80 సీసాలు చాలును. మూత తీయని సీసాలను మరల తీసికొనునట్లు ముందే కాగితముపై వ్రాయించుకొని, ఇంటివారి నొకరిని సీసాలకడ నుంచవలయును.

2025 సెప్టెంబరు 22 నుండి గ్యాసు నింపిన తీపి పానీయములపై పన్ను నూటికి 40 వంతున నున్నది. మజ్జిగ, నిమ్మరసము మనమే కలిపించినచో నా భారము తప్పును.

ఇంగ్లండు దేశపు విందులలో అతిథులే తమ పానీయములను కొనుక్కొను పద్ధతియు గలదు. మన పందిటిలో నది పొసగదు. పొదుపంతయు బేరమునాడే ముగియవలయును. దప్పిగొని వచ్చిన చుట్టమునకు రెండవ గ్లాసు నిచ్చుటకు జంకరాదు.