పెరట్లో కోళ్లు.. గూటి కింద ఎలుకలు

మస్కట్‌లో విల్లా అద్దెకు దొరికితే మనవాళ్లు ముందుగా వేసేది కరివేపాకు, మునగ. ఆ తర్వాత మనసు కోళ్ల మీదికి పోతుంది. అజైబాలో మా పెరట్లోనూ ఆరు పెట్టలు, కొన్ని పిల్లలు ఉన్నాయి. గుడ్లకు లోటు లేదు, పిల్లలకు ఫోన్ కంటే మంచి కాలక్షేపం. అంతా బాగుందనుకుంటుండగా గూటి వారన రెండు మూడు అంగుళాల కన్నాలు కనిపించాయి. వారం తిరగకుండా మూడు కోడిపిల్లలు మాయం. పక్క విల్లాలో ఉండే ఒమానీ పెద్దాయన తమ ఖర్జూరం చెట్టు కింద కూడా ఎలుకలు తిరుగుతున్నాయని మర్యాదగా చెప్పారు. మాట ఇంటి ఓనర్ దాకా వెళితే కోళ్లు తీసేయాల్సి వస్తుంది.

ఎందుకు వస్తాయి?

కోడిపిల్ల దొరికితే ఎలుక వదలదు. కానీ అది ముఖ్యంగా వచ్చేది దాణా కోసం. పెట్ట రోజుకు 110 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది. ఎలుకకు 15 నుంచి 30 గ్రాములు చాలు. అంటే రాత్రి తొట్టిలో మిగిలిన గుప్పెడు దాణా నాలుగైదు ఎలుకలకు విందు. ఇక నీళ్లు. ఎండాకాలంలో చుట్టూ ఎండిపోయినా ఏసీ పైపు నుంచి కారే నీరు, మొక్కల డ్రిప్ తడి వాటికి సరిపోతాయి. అజైబా సముద్రం పక్క నేల, ఇసుక ఎక్కువ. ఉత్త ఇసుకలో కన్నం కూలిపోతుంది కాబట్టి సిమెంటు పలక కింద, గోడ వారన తవ్వుతాయి. ఆడ ఎలుక మూడు వారాలకే ఈనుతుంది, ఈతకు ఆరు నుంచి పన్నెండు పిల్లలు. ఆలస్యం చేస్తే మన చేతిలో ఉండదు.

మందు వద్దు, గోళీలు అసలే వద్దు

భీమవరం నుంచి మా మామయ్యగారు ఫోన్‌లో, ‘అల్లుడుగారూ, కన్నంలో పొగ పెట్టిస్తే పోతాయి కదండీ’ అన్నారు. మన పొలాల్లో యానాదులు కుండలో గడ్డి కాల్చి, కన్నంలోకి పొగ ఊది ఎలుకలు పట్టడం ఆయన చూసిన పద్ధతి. పొలం గట్టు మీద అది చెల్లుతుంది. గోడకు గోడ ఆనుకున్న విల్లాల్లో ఆ పొగ పక్కింటి కిటికీలోకి పోతుంది.

పొగ కంటే ప్రమాదం అల్యూమినియం ఫాస్ఫైడ్ గోళీలు. తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. యూఏఈలో పక్క ఫ్లాటులో వాడిన ఈ మందుకు పసిపిల్లలు బలైన ఘటనలు ఉన్నాయి. మామూలు ఎలుకల మందు తిన్న ఎలుక కొన్ని రోజులకు గానీ చావదు. ఈలోగా దాన్ని వీధి పిల్లి తింటే పిల్లికీ ముప్పే. మందు పలుకులు కోళ్ల నోట పడితే ఆ గుడ్లు మనం తినలేం.

మేం పాటించిన వరస

మొదట తిండి ఆపాం. దాణా మూత గట్టిగా పడే ఇనుప డ్రమ్ములోకి మారింది. పొద్దున కొలిచి వేయడం, మగ్రిబ్ అజాన్ వినపడగానే తొట్టి, నీళ్ల గిన్నె లోపల పెట్టేయడం. పలకలు, అట్టపెట్టెలు, రాలిన ఖర్జూరాలు తీసేశాం.

తర్వాత ప్రతి కన్నంలో నలిపిన పేపరు కుక్కాం. తెల్లారేసరికి పేపరు బయటపడితే ఆ కన్నంలో ఎలుక ఉన్నట్టే. అక్కడ గోడ వెంబడి బోన్లు పెట్టాం. కొత్త వస్తువంటే ఎలుకకు అనుమానం. అందుకే మూడు నాలుగు రోజులు బోను బిగించకుండా ఎండుచేప ముక్క మాత్రమే పెట్టి, ఆ తర్వాత బిగించాం. కోళ్లు, పిల్లులు తగలకుండా పైన చెక్కపెట్టె బోర్లించి, ఎలుక దూరేంత సందు వదిలాం.

పేపరు కదలకుండా ఉన్నాకే జాలీ పని మొదలైంది. ముందే వేస్తే ఎలుకలు లోపలే చిక్కుకుంటాయి. ఆరు మూలల కళ్లుండే పలచని కోళ్ల జాలీ కోడిని ఆపుతుంది గానీ ఎలుకను ఆపదు. ఘాలాలోని హార్డ్‌వేర్ దుకాణంలో అరంగుళం కళ్ల జీఐ వెల్డెడ్ జాలీ కొన్నాం. గూటి చుట్టూ అడుగు లోతు పాతి, కింద మరో అడుగు బయటి వైపుకు వంచాం. గోడ వారనే తవ్వుకుంటూ వచ్చే ఎలుకకు జాలీ అడ్డం పడుతుంది. వెనక్కి జరిగి దూరం నుంచి తవ్వాలని దానికి తోచదు.

శుభ్రం చేసేటప్పుడు గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్, అంటే ర్యాట్ ఫీవర్ సోకవచ్చు. పెంటికలను పొడిగా ఊడ్వకుండా, బ్లీచ్ కలిపిన నీళ్లు చల్లి తీయాలి.

కొత్తగా కోళ్లు పెంచాలనుకునేవాళ్లు ముందు మున్సిపాలిటీ నిబంధనలు, ఇంటి ఓనర్ అనుమతి చూసుకోండి. గూడు కట్టేటప్పుడే అడుగున జాలీ వేయించండి. పని సగానికి తగ్గుతుంది. సముద్రపు ఉప్పుగాలికి జీఐ కూడా తుప్పు పడుతుంది కాబట్టి నెలకోసారి చేత్తో లాగి చూడాలి. పక్కింటివాళ్లతోనూ మాట్లాడండి. వాళ్ల చెట్టు కింద ఖర్జూరాలు పోగుపడి ఉంటే మన ఒక్క పెరడు శుభ్రం చేసి లాభం లేదు. మా పెద్దాయన ఇప్పుడు పొద్దున్నే రాలినవి ఏరిస్తున్నారు. వారానికోసారి మా ఇంటి నుంచి ఆయనకు అర డజను గుడ్లు వెళ్తున్నాయి.