చేతి కిందివారు



ఒకరి వద్ద పనిచేసే వ్యక్తిని గురించి మన తెలుగులో 'ఆయన చేతి కింద పనిచేస్తున్నాడు' అంటాము. దైవప్రవక్త ముహమ్మద్ (స) కూడా ఈ మాటనే వాడారు. హజ్రత్ అబూజర్ గిఫారీ (రజి) ఒకనాడు కోపంలో ఒక వ్యక్తిని అతని తల్లి ప్రస్తావన తెచ్చి దూషించారు. ఆయనలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉందని ప్రవక్త (స) మందలించారు. సేవకులు మీ సోదరులేననీ, అల్లాహ్‌యే వారిని మీ చేతుల కింద ఉంచాడనీ తెలిపారు. మీ తిండే వారికి పెట్టాలనీ, మీ బట్టే వారికి కట్టబెట్టాలనీ, శక్తికి మించిన పని మోపరాదనీ, మోపవలసి వస్తే మీరూ చేయి కలపాలనీ ఆదేశించారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఇది ఉంది. తరువాతి కాలంలో రబజా అనే చోట అబూజర్ (రజి)ను కలిసినవారికి ఆయన ఒంటి మీదా, ఆయన సేవకుని ఒంటి మీదా ఒకే తీరు వస్త్రాలు కనిపించాయి. కారణం అడిగితే ఆయన ఈ మందలింపునే వినిపించారు.

వారిని మన కింద ఉంచినవాడు అల్లాహ్. మన పెట్టుబడి కాదు, మన హోదా కాదు. అందుచేత అధికారం అమానతు. దాని లెక్క అప్పగించవలసి ఉంటుంది. 'నేనూ జీతగాడినే, పైవారు చెప్పింది చేయిస్తున్నాను' అనే మేస్త్రీకి గానీ, సూపర్‌వైజరుకు గానీ ఈ లెక్క నుండి మినహాయింపు లేదు. ప్రతి ఒక్కరూ కాపరులే, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి ప్రతి కాపరినీ ప్రశ్నించడం జరుగుతుందని చెప్పిన హదీసులో, యజమాని సొత్తుకు కాపరిగా ఉన్న సేవకుడు కూడా లెక్కలోకి వచ్చాడు.

ఇక పని ఒప్పందం ఎలా ఉండాలో మూసా (అలై) వృత్తాంతం చూపుతుంది. మద్యన్‌లో ఆ వృద్ధుడు – ఖుర్ఆన్ ఆయన పేరు చెప్పలేదు – మూసా (అలై)తో ఎనిమిదేళ్ళ కొలువు అని ముందే గడువు చెప్పాడు. పదేళ్ళు పూర్తి చేస్తే అది నీ సౌజన్యమన్నాడు. నిన్ను కష్టపెట్టడం నా ఉద్దేశం కాదని కూడా అన్నాడు. ఒప్పుకున్న పని ఒకటి, దానికి మించినది మరొకటి అన్న విభజన ఇందులో స్పష్టంగా ఉంది. 'ఇంకాసేపు ఉండి వెళ్ళు' అని రోజూ చెప్పే యజమాని ఆ సౌజన్యాన్ని తన హక్కుగా రాసుకుంటున్నాడు. రంజాన్ చివరి రాత్రులలో హైదరాబాదు పత్తర్‌గట్టీ వంటి బజార్లలో సహరీ వేళ దాకా నిలబడి బట్టలు చూపించే కుర్రవాళ్ళకు తరావీహ్ ఎక్కడ, నిద్ర ఎక్కడ? ఆ రాత్రుల అదనపు శ్రమకు వేరే కూలీ కట్టారా అన్నది మన వ్యాపారులు తమను తాము అడగవలసిన ప్రశ్న.

కూలీ విషయంలో హెచ్చరిక మరీ తీవ్రమైనది. మనిషిని పనిలో పెట్టుకుని, పూర్తిగా పని చేయించుకుని, కూలీ ఇవ్వనివానికి ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలుస్తాడు. గల్ఫ్ దేశాలలో జీతం నిలిచిపోతే ఇంటి దగ్గర పొయ్యి ఎలా వెలుగుతుందో మన కుటుంబాలలో చాలామందికి తెలుసు. అది తెలిసినవారే ఇక్కడ తమ డ్రైవరును, తమ వంటమనిషిని 'రేపు రా, ఎల్లుండి చూద్దాం' అని తిప్పడం విచిత్రం.

కింది ఉద్యోగి తప్పు చేస్తే? హాతిబ్ ఇబ్నె అబీ బల్తఆ (రజి) సేవకులు ముజైనా తెగవాని ఒంటెను దొంగిలించి కోసుకున్నారు. వ్యవహారం ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ముందుకు వచ్చింది. చేతులు నరకమని తొలుత ఆజ్ఞ అయింది. అంతలో ఆయన దృష్టి యజమాని వైపు మళ్ళింది. వారిని నీవు ఆకలితో మాడుస్తున్నట్లున్నావని హాతిబ్‌తో అన్నారు. ఒంటె వెల 400 దిర్హములని తేలగా, 800 దిర్హములు చెల్లించమని యజమానినే ఆదేశించారు. ముఅత్తా గ్రంథంలో ఉన్న ఈ తీర్పు దొంగతనాన్ని ఒప్పని చెప్పలేదు. తప్పు ఎక్కడ పుట్టిందో అక్కడి దాకా వెళ్ళింది. గల్లాపెట్టె దగ్గర లెక్క తగ్గిందని కుర్రవానిపై చేయెత్తే ముందు, అతనికి ఇస్తున్న జీతంతో నెల గడుస్తుందో లేదో చూడాలి.

చిన్న పొరపాట్ల సంగతి వేరు. హజ్రత్ అనస్ (రజి) బాల్యం నుండి పదేళ్ళు ప్రవక్త (స) సేవలో ఉన్నారు. ఆ పదేళ్ళలో ఒక్కసారీ విసుగు మాట వినలేదని, ఇది ఎందుకు చేశావు అన్న నిలదీత ఎరుగనని ఆయనే చెప్పుకున్నారు. ఒకనాడు ప్రవక్త (స) ఏదో పని మీద పంపగా, దారిలో బజారులో ఆడుకుంటున్న పిల్లల దగ్గర ఆగిపోయారు. వెనుక నుండి ఎవరో మెడ పట్టుకున్నారు. తిరిగి చూస్తే ప్రవక్త (స) నవ్వుతూ ఉన్నారు. ముద్దుగా ఉనైస్ అని పిలిచి, చెప్పిన చోటికి వెళ్ళావా అని అడిగారు. ఇదిగో వెళ్తున్నానని అనస్ (రజి) బదులిచ్చారు.